హెచ్‌ఐవీ పాఠాన్ని దాటవేయొద్దు
విశాఖలోని చాలా పాఠశాలల్లో హెచ్‌ఐవీ నివారణపై అవగాహన ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న జరిపే ర్యాలీతోనే ముగిసిపోతోంది. గాజువాకలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే పదో తరగతి అమ్మాయి, ఆ పాఠాన్ని ఇంట్లో చదువుకోమని బడిలో వదిలేశారని చెప్పి, దోమ కుడితే ఈ వ్యాధి వస్తుందా అని గొంతు తగ్గించి అడిగింది. పుస్తకంలో ఆ పేజీలు మాత్రం ఒక్క గీతైనా పడకుండా కొత్తగా ఉన్నాయి. దోమకాటు వల్ల గాని, కలిసి భోంచేయడం వల్ల గాని హెచ్‌ఐవీ రాదని, రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన సూదులు, రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు సోకుతుందని తరగతిలో చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచే నెలకొక పీరియడ్ కేటాయించి, ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల కౌన్సెలర్లను బడులకు రప్పించి, పేరు రాయకుండా పిల్లలు చీటీల్లో వేసిన ప్రశ్నలకు వారిచేత జవాబులు చెప్పించాలని, 1097 ఉచిత హెల్ప్‌లైన్ నంబరును ప్రతి నోటీసు బోర్డుపై రాయించాలని జిల్లా విద్యాశాఖను కోరుతున్నాను.
- ఒక ట్యూషన్ ఉపాధ్యాయిని, గాజువాక, విశాఖపట్నం