మా కళ్ళజోళ్ళ షాపుకు వచ్చే అందరికీ: మీ సైటు వివరాల గురించి

నమస్కారం. తెనాలిలో మా షాపుకు ఏళ్ళ తరబడి వస్తున్న మీకు ఒక విషయం దాచకుండా చెప్పాలి. మీ పేర్లు, సైటు వివరాలు ఉన్న కంప్యూటర్ జాబితాను శుభ్రం చేయబోయి పోయిన నెల నేను పెద్ద తప్పు చేశాను. దానివల్ల తల్లి పవర్‌తో కూతురికి అద్దాలు తయారయ్యాయి. ఆ అమ్మాయి రెండు రోజులు తలనొప్పితో కాలేజీకి వెళ్ళింది. అద్దాలు మార్చి ఇచ్చాం, వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. మీ వివరాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి కాబట్టి ఏం జరిగిందో మీకూ తెలియాలి.

ఒకే మనిషి పేరు రెండు మూడు సార్లు ఎక్కడం మాకు పాత సమస్యే. దసరా ఆఫర్ రద్దీలో పేరు, ఫోన్ నంబర్ మాత్రం రాసుకుని బిల్లు కొట్టేస్తాం. పవర్ గడులు ఖాళీగా ఉండిపోతాయి. అదే మనిషి పాత ఎంట్రీలో కుడి కన్ను, ఎడమ కన్ను, చత్వారం అన్నీ ఉంటాయి. నేను రాసిన క్వెరీ, అంటే కంప్యూటర్ జాబితాకు ఇచ్చే ఆదేశం, ఒకే ఫోన్ నంబర్ ఉన్న వరుసలను ఒక గుంపు చేసి, వాటిలో అన్నిటికంటే కొత్తదాన్ని ఉంచి మిగతావి తీసేసింది. అంటే చాలామంది విషయంలో ఖాళీ వరుస మిగిలింది, పవర్ ఉన్న వరుస పోయింది.

మన ఇళ్ళలో ఇంటిల్లిపాదికీ ఒకే నంబర్ ఇవ్వడం మామూలే, దాన్నీ నేను ఆలోచించలేదు. అలాంటి ఇంట్లో ఒక్కరి వరుసే మిగిలింది, ఆ తల్లీకూతుళ్ళ విషయంలో జరిగింది అదే. ఇక ఫోన్ నంబర్ ఇవ్వని పెద్దవాళ్ళ గడిలో నల్ ఉంటుంది. విలువ తెలియదు అని దాని అర్థం. గుంపులు చేసేటప్పుడు డేటాబేస్ (జాబితాను దాచే సాఫ్ట్‌వేర్) నల్‌లన్నిటినీ ఒకే గుంపులో వేస్తుంది. అలా నంబర్ లేని తాతగార్లు, అమ్మమ్మలు అందరూ కలిసి మా జాబితాలో ఒక్క మనిషి అయిపోయారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత చేసిన తనిఖీ. పాత జాబితాలో పవర్ ఉండి, కొత్త జాబితాలో పవర్ ఉన్న నంబర్లలో లేనివాళ్ళెవరో చూపమని 'నాట్ ఇన్' ('ఈ జాబితాలో లేనివి' అని అడిగే మాట) పెట్టి అడిగాను. సున్నా వరుసలు వచ్చాయి. హమ్మయ్య, ఎవరిదీ పోలేదనుకున్నాను. నిజానికి కొత్త జాబితాలోని ఆ నంబర్లలో ఒక నల్ ఉంది. నల్‌ను దేనితో పోల్చినా, మరో నల్‌తో పోల్చినా సరే, 'తెలియదు' అనే జవాబే వస్తుంది. ఒక నంబర్ జాబితాలో లేదని కచ్చితంగా తేలితేనే దాని వరుస బయటికి వస్తుంది. అందుకే 'నాట్ ఇన్' జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరుస కూడా బయటికి రాదు. ఎంతమంది వివరాలు పోయినా ఆ క్వెరీ సున్నానే చూపించేది. ఇప్పుడు ఆ చోట, నల్ ఉన్నా ఇలా మోసపోని 'నాట్ ఎగ్జిస్ట్స్' అనే మాట వాడుతున్నాను.

అదృష్టం కొద్దీ ముందు రోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది. పాత జాబితా మొత్తం వెనక్కి తెచ్చాం. ఈసారి ఫోన్ నంబర్‌తో పాటు పేరు, పుట్టిన సంవత్సరం కూడా కలిస్తేనే ఒకే మనిషి అనుకుంటున్నాం. ఆ మూడింటిలో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ వరుసను క్వెరీ ముట్టుకోదు, నేనే చూస్తాను. ప్రతి గుంపులో 'రో నంబర్' అనే డేటాబేస్ సదుపాయంతో వరుస సంఖ్యలు వేయించాను. పవర్ రాసి ఉన్నవి ముందు, వాటిలో కొత్త తేదీవి ఇంకా ముందు. ఒకటో నంబర్ వచ్చినదాన్ని వాడతాం. మిగతావాటిని చెరపడం లేదు, 'నకలు' అని గుర్తు మాత్రం పెడుతున్నాం.

రెండు వరుసల్లో ఉన్నవి కలిపి ఒక నిండు వరుస చేసేయొచ్చు కదా అని మా షాపులో కుర్రాడు అడిగాడు. ఫోన్ నంబర్ విషయంలో అయితే సరే. సైటు విషయంలో చేయను. 2021 చీటీలోని కుడి కన్ను, 2024 చీటీలోని ఎడమ కన్ను కలిపితే ఏ డాక్టరూ రాయని చీటీ తయారవుతుంది. మధ్యలో ఆ మనిషికి శుక్లాల ఆపరేషన్ జరిగి ఉంటే పాత పవర్‌తో పనే లేదు.

ఖాళీ గడిలో సున్నా వేయడం కూడా మానేశాం. సున్నా అంటే కన్ను చూశారు, పవర్ లేదు అని. ఖాళీ అంటే మేం రాసుకోలేదని. సిలిండర్ అంటే ఒక దిశలో మాత్రమే కావాల్సిన అదనపు పవర్, యాక్సిస్ అంటే ఆ దిశను చెప్పే కోణం. సిలిండర్ లేని వాళ్ళకు యాక్సిస్ గడి ఖాళీగా ఉండటం సరైనదే. సిలిండర్ ఉండి యాక్సిస్ లేకపోతే మాత్రం ఆ చీటీతో అద్దం చేయలేం.

ఇంకో చిక్కు ఉంది. మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 90 అని ఒక డాక్టర్ రాసినదాన్నే మరొకరు మైనస్ 1.50, సిలిండర్ ప్లస్ 0.50, యాక్సిస్ 180 అని రాస్తారు. రెండూ ఒకే అద్దం. కంప్యూటర్‌కు వేర్వేరుగా కనిపిస్తాయి. అందుకే పోల్చే ముందు అన్నిటినీ మైనస్ సిలిండర్‌లోకి మారుస్తున్నాం.

ఈ సారి షాపుకు వచ్చేటప్పుడు దయచేసి మీ దగ్గరున్న తాజా కళ్ళ చీటీ తెండి. ఇంట్లో అందరిదీ ఒకే నంబర్ అయితే ఎవరి అద్దాలో పేరుతో చెప్పండి. చీటీ దొరక్కపోతే టెన్షన్ పడకండి, పరీక్ష ఉచితంగా మళ్ళీ చేయిస్తాం. గత రెండు నెలల్లో మా దగ్గర చేయించుకున్న అద్దాలతో తలనొప్పి గానీ, మసక గానీ ఉంటే వెంటనే తీసుకురండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు.