తిరుపతి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మొన్న మా వీధి కల్యాణమండపంలో థర్మల్ కెమెరా క్యాంపు పెట్టారు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఒక్క ఫొటోతో రొమ్ము క్యాన్సర్ తెలిసిపోతుందన్నారు. మా అక్క చేతిలో ఎరుపు, పసుపు, నీలం రంగుల బొమ్మ పెట్టి, ఇక మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) అక్కర్లేదని పంపేశారు. ఆమెకు చేతికి తగిలే గడ్డ ఉంది సార్!

ఆ కెమెరా పట్టేది చర్మం మీది వేడిని మాత్రమే. ఎండలో నడిచొచ్చినా, ఫ్యాన్ గాలి తగిలినా ఆ రంగులు మారతాయి. అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 1982లో దీన్ని మరో పరీక్షకు తోడుగానే ఒప్పుకుంది. మామోగ్రామ్‌కు బదులు వాడొద్దని హెచ్చరించింది కూడా.

ఇలాంటి క్యాంపుల కరపత్రాలు మీరు తెప్పించుకుని చదవండి. 'ఇది మామోగ్రామ్‌కు బదులు కాదు' అని పెద్ద అక్షరాల్లో రాయించండి. అక్కను రేపు నేనే స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆ రోజు వరుసలో నిలబడ్డ మిగతా ఆడవాళ్లకు ఎవరు చెబుతారు?