కారం దోశ బండి దగ్గరికి మళ్లీ వచ్చాను, అందరికీ దండాలు

ఈరోజు సెప్టెంబర్ 8. ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవమట, మా పాప చెప్పింది. నేను చెప్తుంటే తనే టైప్ చేస్తోంది, తప్పులుంటే దాని లెక్కలో వేసుకోండి. ఇన్ని నెలలు బండి దగ్గర అన్న ఏడీ, అన్న ఏడీ అని అడిగినవాళ్లందరికీ విడివిడిగా కథ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాయిస్తున్నాను.

ఉగాది ముందు రోజు జరిగింది. ఉగాదికి దేవుని కడప గుడికి మనవాళ్లూ ముస్లింలూ ఎంతమంది వస్తారో కడపోళ్లకు చెప్పక్కర్లేదు. ఆ రద్దీకి సరిపడా పిండి రుబ్బుకుని, మబ్బున గిన్నె ఎత్తుకుని బయటికి వస్తుంటే నూనె మరక మీద కాలు జారింది. ఎడమ చంకలో గిన్నెను వదల్లేదు, కుడిచెయ్యి నేలకు ఆనించాను. పిండి దక్కింది, మణికట్టు పోయింది.

మా వీధి పెద్దాయన ఒకాయన ప్రేమ కొద్దీ ఆముదం రాసి గట్టిగా నలిపాడు. గంటలో చెయ్యి బన్నులా పొంగింది. అప్పుడు మా ఆటో భాయ్ వచ్చి, సోడా అంగట్లో ఐసు అడిగి, తువ్వాలులో చుట్టి చేతి మీద పెట్టి, నన్ను రిమ్స్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. బాడుగ ఇస్తే ఇప్పటికీ తీసుకోలేదు. కొత్త దెబ్బను నలపకూడదు, కాపడం పెట్టకూడదు, గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టి తీసేయాలి అని తర్వాత తెలిసింది. భాయ్‌కి ఎవరూ చెప్పకుండానే తెలుసు. పుత్తూరు కట్టు వేయించుకో అని సగం మంది కస్టమర్లు చెప్పారు గానీ, నేను రిమ్స్‌లోనే ఎముక సరి చేయించుకుని సిమెంటు కట్టు వేయించుకున్నాను. ఆ డాక్టరు గారికి నమస్కారాలు.

ఆరు వారాలకు కట్టు విప్పాక అసలు కష్టం మొదలైంది. ఎముక అతుక్కుంది, చెయ్యి మాత్రం నాది కాదు. సన్నబడిపోయి కట్టెలా బిగుసుకుంది. అరచెయ్యి పైకి తిరగదు. అరచెయ్యి తిరక్కపోతే అట్లకాడ పట్టుకుని ఏం చేయాలి? ముందు ఒకచోట 20 రోజుల ప్యాకేజీ అన్నారు. రోజూ పోయి కరెంటు పెట్టించుకోవడం, రావడం. పెట్టిన పిల్లోడు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు, నా చెయ్యి ఎవరూ ముట్టుకోలేదు. ఐదో రోజుకు మానేశాను.

ఆ తర్వాత ఎర్రముక్కపల్లి వైపు ఉండే మా ఫిజియో మేడం దగ్గరికి పోయాను. పేరు రాయొద్దని ఆమె గట్టిగా చెప్పారు, అందుకే రాయడం లేదు. తొలిరోజు మిషన్ ఏదీ ఆన్ చేయలేదు. రెండు స్కేళ్లు కలిపినట్టుండే సాధనంతో మణికట్టు ఎంత వంగుతోందో కొలిచారు. మామూలుగా వెనక్కి 70 డిగ్రీల దాకా వంగాలట, నాది 20 కూడా లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, చేతిలో ప్లేటు ఏమన్నా వేశారా, షుగరుందా అని అడిగారు. నా పక్కన కాలిలో రాడ్ ఉన్న పెద్దాయన షార్ట్‌వేవ్ అనే మిషన్‌తో లోపలిదాకా వేడి పెట్టమని అడిగితే, లోపలి ఇనుము వేడెక్కుతుంది, అది మీకు పనికిరాదు అని పంపేశారు. డబ్బులొచ్చే పనిని వద్దన్నవాళ్లను నేను మొదటిసారి చూశాను.

మైనం సంగతి చెప్పాలి. బయట మే నెల ఎండ, లోపల కరిగించిన మైనంలో చెయ్యి ముంచమంటారు! 52, 54 డిగ్రీల దగ్గర ఉంటుందట. అంత వేడి నీళ్లయితే చెయ్యి బొబ్బలెక్కేది, మైనం వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి తట్టుకోగలం అన్నారు. నేను 22 ఏళ్లుగా పెనం ముందు నిలబడ్డవాణ్ణి, నాకిదొక లెక్కా అన్నాను. అందుకే మేడం ఒప్పుకోలేదు. రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్లు, చన్నీళ్లు పోసి, నన్ను కళ్లు మూసుకోమని, చేతికి ఆనించి ఏది ఏదో చెప్పమన్నారు. వేడి తెలియని చెయ్యే ముందు కాలుతుందన్నా అన్నారు. ఏడెనిమిది సార్లు ముంచి తీస్తే చేతి మీద పొరలు పొరలుగా దోశ పిండి ఆరినట్టు అయ్యేది. పైన కవరు, తువ్వాలు చుట్టి 20 నిమిషాలు. తీసేసరికి వేళ్లు నూనె పెట్టిన బోల్టుల్లా కదిలేవి. ఆ మెత్తదనం ఉండగానే వంచమని కూర్చోబెట్టేవాళ్లు. కాఫీ తాగొచ్చి చేస్తానంటే ఒప్పుకోలేదు.

నొప్పికి టెన్స్ అనే చిన్న పెట్టె, చర్మం మీద నుంచి సన్నగా కరెంటు ఇస్తుంది. చీమలు పాకినట్టుంటుంది. మోకాలికి దెబ్బ తగిలితే పక్కన రుద్దుకుంటాం కదా, ఆ రుద్దుడు తెలిస్తే నొప్పి తగ్గినట్టుంటుంది కదా, ఇదీ అలాంటిదే అన్నారు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు, వెన్నుపాములో నొప్పికి ఒక గేటు లాంటిది ఉంటుందని రాశారట. ఇది మా పాప వెతికి చెప్పింది, నాకు చీమల సంగతే తెలుసు.

బొటనవేలి వైపు అల్ట్రాసౌండ్ పెడుతుంటే మా ఇంటామె, కడుపుతో ఉన్నోళ్లకు తీసే స్కానింగ్ నీకెందుకయ్యా అని నవ్వింది. శబ్దం అలాంటిదేనట, అక్కడ లోపల చూడ్డానికి, ఇక్కడ కండకు ఇవ్వడానికి. మధ్యలో గాలి ఉంటే లోపలికి పోదు కాబట్టి జెల్లు రాస్తారు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, దీనితో పెద్ద మేలు జరుగుతుందని గట్టి రుజువులు లేవన్నా, నాలుగైదు సార్లు చూసి మానేద్దాం అని మేడమే చెప్పి, అన్నట్టే మానేశారు.

తర్వాత నెలన్నర మిషన్లు తగ్గిపోయి నా పనే పెరిగింది. తడి తువ్వాలు పిండడం, నీళ్ల బాటిల్ పట్టుకుని మణికట్టు ఎత్తడం దించడం. ఒకరోజు బండి మీద గరిటె, అట్లకాడ తెచ్చుకో అన్నారు. బల్ల మీద వట్టి గరిటెతో పిండి తిప్పినట్టు తిప్పించారు, మిగతా పేషెంట్లు పగలబడి నవ్వారు. నేను రెండు రోజులు మొహం మాడ్చుకున్నాను, తర్వాత నేనూ నవ్వాను.

ఇంతకాలం పెనం ముందు నిలబడింది మా ఇంటామె. ఎర్రకారం ఆమె చేతిదే బాగుందని కొందరు అంటున్నారు, విన్నాను. ఇప్పుడు పొద్దున ఆమె, సాయంత్రం నేను. పిండి గిన్నె ఎత్తడానికి నాకింకా అనుమతి లేదు.

పోయిన ఆదివారం మేడం బండి దగ్గరికి వచ్చారు. ఒక కారం దోశ, పప్పులపొడి ఎక్కువ వేసి చేసి ఇస్తున్నాను. ఆమె చూపు దోశ మీద లేదు, నా మణికట్టు మీదుంది. "ఇంకొంచెం తిప్పన్నా" అన్నారు.