నీలం మూత

విశాఖపట్నం,
జనవరి 8

బుజ్జితల్లీ,

ఫోన్‌లో అయితే మధ్యలోనే అడ్డు తగులుతావని కాగితం మీద రాస్తున్నాను. ఓడలో ఉన్న రెండున్నర రోజులూ నా ఫోన్ కలవలేదన్నది నీ మొదటి ఫిర్యాదు. తప్పు నాదే. డాల్ఫిన్స్ నోస్ కొండ కనుమరుగైన కాసేపటికి సిగ్నల్ పోయింది. పోతుందని నాకు ముందే తెలుసు. చెబితే ఓడ మాన్పించి విమానం టికెట్ తీసేస్తావని చెప్పలేదు. పెళ్ళై ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను, మన హార్బరులోంచి ఆ అండమాన్ ఓడ వెళ్ళడం. ఈ వయసులో కూడా ఎక్కకపోతే ఇంకెప్పుడు?

మీ నాన్నగారు ఓడ పేరెత్తగానే మోకాళ్ళు చూపించి నమస్కారం పెట్టారు. పదమూడు రోజులూ ఆయనే చారు పెట్టుకుని తిన్నారు. కందిపప్పు డబ్బా ఎక్కడుందో ముప్ఫయ్యేళ్ళ తర్వాత తెలిసింది ఆయనకి.

రెండో ఫిర్యాదు, నువ్వడిగిన గవ్వలు తేలేదని. దానికి జవాబు కాస్త పెద్దది.

మొదటి రోజంతా నిమ్మకాయ ఊరగాయ బద్ద బుగ్గన పెట్టుకుని బెర్తు మీద పడుకున్నాను. లేస్తే తల తిరుగుడు, పడుకుంటే కడుపులో తిప్పుడు. రెండో రోజు పొద్దున్నే డెక్ మీదకి వెళ్తే ఎగిరే చేపలు కనిపించాయి. చెరువులోకి పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోతుంది చూడు, అలా నీళ్ళ మీద నుంచి లేచి చాలా దూరం పోయి పడుతున్నాయి. రెక్కల్లా కనిపించేవి నిజానికి చేపలు ఈదడానికి వాడే వాజాలే, కాస్త పెద్దవి. పడబోతూ తోక కొసతో నీటిని టకటకా కొట్టి మళ్ళీ లేస్తాయి. అవి చూస్తూ తల తిరుగుడు సంగతి మర్చిపోయాను.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, అక్కడివాళ్ళు మాత్రం పాత పేరే అంటున్నారు. నువ్వు పంపిన మంకీ క్యాప్ బ్యాగు అడుగునే ఉండిపోయింది. డిసెంబరు చివర్లో అక్కడ ఫ్యాన్ వేసుకుని పడుకున్నాను. ఒక్కటే ఇబ్బంది, గడియారం మనదే కానీ సూర్యుడు మనవాడు కాదు. సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే ఆవిడ నన్ను చూడగానే "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసినావేటి?" అంది. సోంపేట వైపు మనిషి. సముద్రం దాటి వెళ్ళినా మన యాస వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది.

సెల్యులర్ జైలు చూశాను. ఏడు వరసల భవనాల్లో మిగిలినవి మూడే. అల్లూరి దళంలోని గాం మల్లుదొరని అండమాన్ పంపారనీ, ఆయనే 1952లో మన విశాఖ నుంచి లోక్‌సభకి వెళ్ళాడనీ నీకు చిన్నప్పుడు చెప్పాను కదా. అక్కడ నిలబడితే ఆ సంగతి వేరేగా అనిపించింది. అది ఇంకో ఉత్తరంలో రాస్తాను.

బారాటాంగ్ దీవికి వెళ్ళలేదు. ఆ రోడ్డు జారవా ఆదివాసులుండే అడవి మధ్య నుంచి పోతుంది. ఫోటోలు తీయకూడదు, బండి ఆపకూడదు అని నియమాలున్నాయి, నిజమే. అయినా అడవి వాళ్ళు కనిపిస్తారేమోనని కిటికీల దగ్గర ఎగబడే జనంతో కలిసి కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. సున్నపురాయి గుహలు చూడకపోతే ఏం పోయింది!

దానికి బదులు సిప్పీఘాట్ వెళ్ళాను. అక్కడ ఒకప్పుడు పొలాలుండేవి. 2004 డిసెంబరు 26 భూకంపానికి నేల కుంగి ఉప్పునీళ్ళు వచ్చాయి, మళ్ళీ పోలేదు. ఆ నీళ్ళలో ఇప్పుడు అండమాన్ బాతులు తిరుగుతున్నాయి. గోధుమ రంగు ఒళ్ళు, కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లటి వలయం. నీ బైనాక్యులర్స్‌తో గంటన్నర నిలబడి చూశాను. మీ నాన్నగారు పక్కనుంటే పదో నిమిషానికే "బాతులేగా!" అనేవారు. ఒంటరిగా ఎందుకెళ్ళావని అడిగావు కదా, ఆ గంటన్నర కోసమే వెళ్ళాను.

వండూరు నుంచి జాలీ బాయ్ దీవికి పడవలో వెళ్ళాలి. ప్లాస్టిక్ వాడి పారేయడానికి వీల్లేదు, సీసాలకి డిపాజిట్ కట్టించుకుంటారు. లైఫ్ జాకెట్ తొడిగి, గైడ్ చెయ్యి పట్టుకుని, ముఖం నీళ్ళలో పెట్టాను. అవును, నేనే! కళ్ళకంటే ముందు చెవులకి తెలిసింది. పక్కింట్లో ఎవరో అప్పడం నములుతున్నట్టు కరకరమని చప్పుడు. చిలకచేపలు పగడపు దిబ్బను కొరుకుతున్నాయి. వాటికి నాచు కావాలి, రాయి కూడా నోట్లోకి పోతుంది, గొంతులోని పళ్ళతో నూరి, ఇసుకగా వదిలేస్తాయి. పగడపు దీవుల్లో అందరూ ఫోటోలు దిగే ఆ తెల్లటి ఇసుకలో ఎంతో భాగం చిలకచేపల పేడే!

చచ్చిన దిబ్బలూ ఉన్నాయి. పగడం ఒంట్లో ఉండే నాచే దానికి రంగూ, తిండీ. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ నాచును బయటకి తోసేసి తెల్లబడిపోతుంది. 2010లో, 2016లో అక్కడ అలా జరిగింది. బూడిద రంగు పులుముకున్న ఆ కొమ్మల మధ్య కూడా చిన్న చిన్న నీలం చేపలు తిరుగుతున్నాయి.

ఇక గవ్వల సంగతి. షహీద్ ద్వీప్‌లో, అదే పాత నీల్ దీవిలో, ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. నేను బుక్ చేసిన గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు, ఒక దుకాణం వెనక గదిలో సర్దుకున్నాను. సాయంత్రం ఒడ్డున నీ కోసం ఏడు నత్తగుల్లలు ఏరి, తువ్వాల్లో చుట్టి బల్ల మీద పెట్టాను. రాత్రి కరెంటు పోయింది. చీకట్లో టక్, టక్‌మని నేల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. నిజం చెప్పనా, ఆంజనేయ దండకం అందుకున్నాను. టార్చి వేస్తే నా గుల్లల్లో ఒకటి తలుపు వైపు నడిచి వెళ్తోంది! నీ సైన్సు పుస్తకంలో బొమ్మ ఉండేదే, సన్యాసి పీత. ఖాళీ గుల్లే అనుకుని తెచ్చాను, అది లోపలికి ముడుచుకుని ఉంది.

తెల్లారగానే ఏడింటినీ పట్టుకెళ్ళి ఎక్కడ ఏరానో అక్కడే పెట్టాను. అప్పుడు కనిపించింది ఇంకొకటి. దాని వీపు మీద గుల్ల లేదు, నీళ్ళ సీసా నీలం మూత ఉంది. వెనక సగం బయటికే వేలాడుతోంది. నా గుల్లల దగ్గరికి వచ్చి ఒకదాన్ని పట్టుకుంది. దొర్లించింది. కాలు లోపలికి పెట్టి తడిమింది, కొట్లో గిన్నె కొనేటప్పుడు మనం వేళ్ళతో చూస్తామే, అలాగే. నేను ఊపిరి కూడా బిగబట్టాను. ఒక్క క్షణం, మెత్తగా, గులాబీ రంగులో, మెలి తిరిగిన దాని ఒళ్ళంతా బయటపడింది. మరుక్షణం గుల్లలో ఉంది. అటూ ఇటూ ఊగి సర్దుకుని గడ్డిలోకి వెళ్ళిపోయింది.

గుల్లలు తెచ్చినా తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో తీసేసుకునేవారులే. కానీ నేను తేనిది అందుకు కాదు.

ఈ కవరులో పెట్టిన మూత అదే. సబ్బుతో కడిగాను, కాస్త చేపల వాసన వస్తే ఏమీ అనుకోకు. పండక్కి వచ్చేటప్పుడు నీ బైనాక్యులర్స్ పెట్టె కూడా తీసుకురా, పరికరం ఇక్కడా, పెట్టె అక్కడా ఉంటే ఎలా? ఇస్తానని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వను.

ప్రేమతో,
అమ్మ