సముద్రంలో వెలుగుల గురించి బాబాయికి ఉత్తరం

పూజ్యులైన బాబాయి గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. "ఎవరికీ అంతుపట్టనిది" అంటూ మీరు పంపిన సముద్రపు వెలుగుల వీడియో మీద మొన్న ఫోన్లో మన వాదన సగంలోనే ఆగిపోయింది. మీకేమో నిద్రవేళ, నాకేమో ఆఫీసు టైము. "శాస్త్రవేత్తలే ఇదేంటో తెలీదంటుంటే నువ్వెలా తెలుసంటావు?" అన్న మీ మాట మాత్రం నన్ను వదల్లేదు. దానికి తీరిగ్గా జవాబు రాద్దామని కూర్చున్నాను.

మీరు పంపిన వీడియో మళ్లీ చూశాను. నల్లటి నీళ్లలో గాజు బుడగలాంటి ఒళ్లు, దాని మీద నిలువుగా ఎనిమిది చారలు, ఒక్కో చార వెంట ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం వరసగా పరుగెత్తడం. ఆ ఎనిమిది చారలే దాన్ని పట్టిస్తున్నాయి. అది కోంబ్ జెల్లీ, జెల్లీఫిష్‌లా కనిపించే వేరే రకం సముద్ర జీవి. ఒక్కో చారా వెంట్రుకల్లాంటి సన్నటి శైలికల వరస. అవి అలలా కదులుతూ జీవిని ఈదిస్తాయి. కెమెరా పక్కనున్న దీపం వెలుతురు వాటి మీద పడి చెదిరినప్పుడు, సీడీ వెనకవైపు కనిపించినట్టే రంగులు విడిపోతాయి. దీపం ఆర్పేస్తే ఆ ఇంద్రధనుస్సు ఉండదు. మెక్సికో దగ్గర రెవిల్లాహిహేదో దీవుల వద్ద 1,200 మీటర్ల లోతున తీసిన హాలిట్రెఫీస్ అనే జెల్లీఫిష్ వీడియో కూడా మీరు చూసే ఉంటారు, తారాజువ్వ పేలినట్టుంటుంది. అందులోనూ మెరిసింది దీపం వెలుతురే.

అలాగని సముద్రంలో సొంత వెలుగే లేదని నేననడం లేదు. కాలిఫోర్నియా తీరంలో మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ వాళ్లు 17 ఏళ్ల వీడియోలు లెక్కగట్టి 2017లో చెప్పారు: నీటి మధ్యలో కనిపించిన జీవుల్లో దాదాపు 76 శాతం సొంతంగా వెలిగే రకాలే. లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే వెలుగది. ఎక్కువగా నీలంగానో, నీలం కలిసిన ఆకుపచ్చగానో ఉంటుంది, ఎందుకంటే సముద్రపు నీటిలో నీలం రంగే చాలా దూరం పోతుంది. కోంబ్ జెల్లీల్లో చాలావాటికి ఈ వెలుగూ ఉంది. కానీ ఏదైనా తగిలి కదిలిస్తే కాసేపు వెలిగి ఆరిపోతుంది, అంత పెద్ద దీపం ముందు కనిపించనే కనిపించదు. కాబట్టి ఏ వీడియో చూసినా నేను మొదట అడిగేది ఒక్కటే: దీపం వెలుగుతుండగా తీశారా, ఆర్పి తీశారా? మీకొచ్చిన ముక్కలో ఆ సంగతి లేదు, ఎంత లోతో లేదు, ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో లేదు. సంగీతం మాత్రం ఉంది. ఉన్నవన్నీ కత్తిరించేసి "ఎవరికీ అంతుపట్టనిది" అని రాయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది బాబాయ్. తీసినవాళ్ల కష్టం అంతా పోయినట్టే.

ఇక మీ అసలు ప్రశ్న. నిజమే, శాస్త్రవేత్తలు తెలీదని అంటారు. అనాలి కూడా. 2000లో అదే సంస్థ వాళ్లు 2,614 మీటర్ల లోతున ఒక వింత జీవిని చూశారు. ముందు పెద్ద తెర లాంటి ముసుగు, వెనక వేళ్లలాంటి తోక, ఒంట్లో పేగులు బయటికే కనిపిస్తాయి. ఒళ్లంతా చుక్కలు చుక్కలుగా వెలుగుతుంది కూడా. దానికేం పేరు పెట్టాలో తెలియక "మిస్టరీ మొలస్క్" అన్నారు, మొలస్క్ అంటే నత్తల వర్గపు జీవి. ఆ తరవాత 150కి పైగా సార్లు దాన్ని చూశారు, కొన్నిటిని పట్టి జన్యువులు పరీక్షించారు. చివరికి 2024 నవంబరులో అది సముద్రపు స్లగ్, అంటే గుల్ల లేని నత్త, జాతిదని తేల్చి బాథిడేవియస్ అని పేరు పెట్టారు. దాని తోకలో ఒక వేలు వెలుగుతూ ఊడిపోవడం కూడా చూశారు, శత్రువు దృష్టి మళ్లించడానికట. తెలీదన్న ఆ మొదటి రోజును మాత్రమే పట్టుకుని మిగతా 24 ఏళ్లను వదిలేస్తే ఎలా చెప్పండి?

నిజంగా తేలనిది కావాలంటే "పాల సముద్రం" ఉంది, అంటే రాత్రిపూట సముద్రం పాలలా తెల్లగా వెలగడం. 1995లో సోమాలియా తీరం దగ్గర లీమా అనే ఓడ ఒక రాత్రి గంటల తరబడి తెల్లగా వెలిగే నీళ్ల మీద ప్రయాణించింది. పదేళ్ల తరవాత పాత ఉపగ్రహ చిత్రాల్లో వెతికితే ఆ వెలుగు మూడు రాత్రులు కనిపించింది, విస్తీర్ణం సుమారు 15,400 చదరపు కిలోమీటర్లు! అంతకుముందే, 1985లో, అరేబియా సముద్రంలో ఇలాంటి నీళ్లనే ఒక పరిశోధన నౌక పట్టి చూస్తే విబ్రియో హార్వీ అనే బ్యాక్టీరియా దొరికింది. గుంపు చిక్కబడితేనే అవి వెలుగుతాయి. మరి అన్ని కోట్ల కోట్ల బ్యాక్టీరియా ఒకేచోట ఎలా పోగవుతాయి, ఏ పరిస్థితుల్లో మొదలవుతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నవి ఇంకా తేలాల్సినవే. ఈసారి ఫోన్లో దీని మీద వాదించుకుందాం, ఆదివారం అయితే నాకూ తీరిక.

పిన్నికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మీ అన్నయ్య కూతురు