ట్రోపోనిన్ రిపోర్టు రేపొస్తే ఎవరికి లాభం? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. ఇదే విషయం మీద ప్రజావాణిలో అర్జీలు పెట్టాను. జిల్లా అధికారులను కలిశాను. మీ పేషీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రశీదులు మాత్రం బాగానే వచ్చాయి, ఫైలు కట్టి దాచుకున్నాను. మొన్న ఆన్‌లైన్‌లో చూస్తే నా అర్జీకి ఎదురుగా ‘పరిష్కరించబడినది’ అని ఉంది. ఏం పరిష్కరించారో అర్జీ పెట్టినవాడికే తెలియలేదు కాబట్టి, ఇలా నలుగురి ముందూ అడుగుతున్నాను.

మా ఏరియా ఆసుపత్రిలో గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ రక్త పరీక్ష ఎందుకు జరగడం లేదు సార్?

మెషీన్ లేదనడానికి వీల్లేదు. మీరే ఇచ్చారు. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు దిగారు, మర్నాడు పేపర్లో కూడా వచ్చింది. మెషీన్‌తో పాటు కంపెనీవాళ్లు ఇచ్చిన కిట్లు ఉన్నన్నాళ్లు నడిచింది. అవి అయిపోయాక ఇండెంట్ పెడితే సప్లై లేదన్నారు. మళ్లీ పెడితే రేట్ కాంట్రాక్టు ముగిసిందన్నారు. ఒకసారి కిట్లు వచ్చాయి గానీ, ఎక్స్‌పైరీకి నెల కూడా లేనివి వచ్చాయి. ఇప్పుడా మెషీన్ మీద ప్లాస్టిక్ కవర్ కప్పి, దాని మీద ఓపీ రిజిస్టరు పెట్టుకుని శాంపిళ్ల వివరాలు రాసుకుంటున్నారు. నిలబడి రాయడానికి ఎత్తు సరిగ్గా సరిపోయిందట. లక్షల రూపాయల రాతబల్ల రాష్ట్రంలో ఇంకెక్కడైనా ఉందో లేదో మీ అధికారులను కనుక్కోండి.

నేను సర్వీసులో ఉన్నప్పుడు కొన్నాళ్లు కార్డు కిట్లు పంపారు. కార్డు మీద రక్తం చుక్కలు వేస్తే పావుగంటలో గీతలు పడతాయి. ఒక గీతైతే నెగెటివ్, రెండైతే పాజిటివ్. రెండో గీత పడీ పడనట్టు ఉంటే కార్డును ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి, డ్యూటీ సిస్టర్‌ను పిలిచి ‘నీకేమైనా కనపడుతోందా అమ్మా’ అని అడిగిన రాత్రులున్నాయి. ఆ గీతను బట్టే మనిషిని ఇంటికి పంపాలా, వరంగల్ పంపాలా అని తేలాలి. పైగా కార్డు ఉందనో లేదనో చెబుతుంది తప్ప ఎంత ఉందో చెప్పదు. జబ్బు ఎంత ముదిరిందో తెలియాలంటే ఆ ‘ఎంత’ కావాలి. ఇప్పుడు ఆ కార్డులు కూడా లేవు లెండి.

మీకు తెలియదని కాదు, నా ఫైలు మూసేసినవారి కోసం ఒక్క ముక్క చెబుతాను. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. నొప్పి మొదలైన కొద్ది గంటల్లో పెరగడం మొదలవుతుంది. అందుకే ఒక్కసారి చేసి వదిలేయకూడదు. రోగి రాగానే ఒక శాంపిల్, మెషీన్‌ను బట్టి గంటకో మూడు గంటలకో ఇంకొకటి తీసి, రెండు అంకెలకూ తేడా చూడాలి. తేడా పెద్దగా లేకుండా కొంచెం ఎక్కువగానే నిలిచి ఉంటే కిడ్నీ జబ్బు వల్ల కావచ్చు, పాత గుండె జబ్బు వల్ల కావచ్చు. ఛాతీ నొప్పితో వచ్చినవాడికి అంకె గబగబా ఎక్కుతోందంటే ఆలస్యం చేయకూడదని అర్థం. రోగికి ముప్పు ఎంతుందో తెలియడానికి డాక్టర్లు గ్రేస్ స్కోరు అని ఒకటి లెక్కేస్తారు. వయసు, నాడి, బీపీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీలో మార్పులు, గుండె బలహీనపడిన లక్షణాలు, వీటితో పాటు ట్రోపోనిన్ పెరిగిందా లేదా అన్నది అందులో ఉంటాయి. స్కోరు 140 దాటితే 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయడం మంచిదని గుండె డాక్టర్ల మార్గదర్శకాలు చెబుతున్నాయి. మా ఆసుపత్రిలో బీపీ చూస్తారు, ఈసీజీ తీస్తారు, క్రియాటినిన్ చేస్తారు. వయసు ఆధార్ కార్డులో ఉంది. ట్రోపోనిన్ ఒక్కటే లేదు.

ఈసీజీ ఉందిగా, చాలదా అని మీ అధికారి ఒకాయన అడిగారు. ఈసీజీలో స్పష్టంగా కనపడే గుండెపోటుకు రక్తపు గడ్డను కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తామన్నారు. మంచి పనే, కాదనను. కానీ ఈసీజీ మామూలుగా ఉండి కూడా గుండెపోటు వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లను పట్టుకునేది రక్త పరీక్షే. మరి వాళ్ల గతేంటి?

మా బావమరిది సంగతే చెబుతాను. 46 ఏళ్లు, ట్రాక్టరు నడుపుతాడు. ఒక రాత్రి అన్నం తిన్నాక ఛాతీలో మంట అన్నాడు. గ్యాస్ అనుకుని ఇంట్లోవాళ్లు సోడా తాగించారు. తగ్గకపోతే ఏరియా ఆసుపత్రికి తెచ్చాం. ఈసీజీ బాగానే ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ పని తెలిసిన మనిషి, అంతటితో ఇంటికి పంపించేయకుండా ట్రోపోనిన్ రాసింది. ల్యాబ్‌లో కిట్లు లేవు. ఎదురుగా ఉన్న ప్రైవేటు ల్యాబ్ అప్పటికే మూసేశారు. ఇక మిగిలింది మీ హబ్, అంటే ఆసుపత్రుల శాంపిళ్లను ఒకచోట చేర్చి పరీక్షించే సర్కారు ల్యాబ్. పొద్దున వ్యాన్ వచ్చినప్పుడు శాంపిల్ వెళ్తుంది, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. ఆ అమ్మాయి ఆస్పిరిన్ ఇచ్చి అబ్జర్వేషన్‌లో పెట్టింది. తెల్లవారుజామున మళ్లీ నొప్పి లేచింది. అప్పుడు తీసిన ఈసీజీలో కనపడింది. 108లో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తాం. మర్నాడు మధ్యాహ్నం ఐసీయూ బయట కూర్చుని ఉంటే, నా చేతిలో ఉన్న అతని ఫోన్ టింగుమంది. హబ్ నుంచి మెసేజ్. ట్రోపోనిన్ ఎక్కువగా ఉందట, వెంటనే డాక్టర్‌ను సంప్రదించాలట. సంప్రదించాం సార్. అప్పటికే స్టెంట్ వేసి లోపల పడుకోబెట్టారు.

మనిషి దక్కాడు. గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. బరువు పనులు చేయొద్దన్నారు. ట్రాక్టరు అమ్మకానికి పెట్టాం.

హబ్‌లను నేను తప్పు పట్టడం లేదు. షుగరు మూడు నెలల సరాసరికి, థైరాయిడ్‌కు, కిడ్నీ పరీక్షలకు హబ్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఊళ్లో ముసలివాళ్లు ఎంతో మంది దాని మీదే బతుకుతున్నారు. కానీ ట్రోపోనిన్‌ను కూడా వ్యాన్ ఎక్కించి పంపితే, వచ్చే రిపోర్టు పెళ్లయ్యాక చేతికందిన శుభలేఖ లాంటిది. గంటలో చెప్పాల్సిన మాట మర్నాడు చెప్పే పద్ధతిని ఎవరు పెట్టారో, పెట్టేటప్పుడు ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని ఒక్కణ్నైనా అడిగారో లేదో తెలుసుకోవాలని ఉంది.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు. సంతోషం. స్టెంట్‌కు డబ్బుంది, బైపాస్‌కు డబ్బుంది. గుండె పాడవకముందే పట్టుకునే కొన్ని వందల రూపాయల పరీక్షకే డబ్బు లేదా? ఈ లెక్క నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. మీ ఆర్థిక శాఖవాళ్లకైనా అర్థమవుతోందా?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సెప్టెంబరు 29న గుండె దినోత్సవం పేరుతో మా ఊళ్లో క్యాంపు పెట్టారు. టోపీలు పంచారు, టోటల్ కొలెస్ట్రాల్ చూశారు. మా బావమరిదికి 178 వచ్చింది, నీకేం భయం లేదన్నారు. స్టెంట్ పడ్డాక ఆ పెద్దాసుపత్రి డాక్టరు లైపోప్రొటీన్-ఎ అని, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం పరీక్ష చేయించమంటే ప్రైవేటులో చేయించాం, 92 వచ్చింది. 50 దాటితేనే ముప్పు అంటారు. అది తిండిని బట్టి వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది. జీవితంలో ఒక్కసారి చూస్తే చాలు. పెద్దవాళ్లందరికీ ఒకసారి చూడమని మన దేశపు కార్డియాలజీ సొసైటీ 2024లోనే చెప్పింది. ఆ అంకె ముందే తెలిసుంటే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను, బీపీని గట్టిగా అదుపులో పెట్టేవాళ్లు. ఇప్పుడతని ఇద్దరు కొడుకులకు కూడా చూడాలి. దానికీ ప్రైవేటు ల్యాబే గతి.

ఆ ల్యాబులవాళ్లేమో గోడల మీద ‘రక్త పరీక్షతో మీ గుండె బ్లాకులు తెలుసుకోండి’ అని పోస్టర్లు వేశారు. శుద్ధ అబద్ధం. ఏ రక్తనాళంలో ఎంత శాతం పూడిందో రక్తం చెప్పదు, దానికి యాంజియోగ్రామ్ కావాలి. వాళ్లు చేసే సీఆర్‌పీ ఒంట్లో వాపును చూపే పరీక్ష, అది జ్వరమొచ్చినా పెరుగుతుంది. తెల్లరక్తకణాల్లో న్యూట్రోఫిల్స్‌కూ లింఫోసైట్స్‌కూ ఉండే నిష్పత్తి ఎక్కువున్నవాళ్లలో బ్లాకులు కూడా ఎక్కువ కనపడ్డాయని చాలా పరిశోధనలు వచ్చాయి. అది రక్తకణాలను లెక్కపెట్టే మామూలు సీబీపీ రిపోర్టులోంచే లెక్కేయొచ్చు, పైసా ఖర్చు లేదు, అయినా అదొక్కటి చూసి ఎవరూ స్టెంట్ వేయరు. ఇలాంటివన్నీ ఒక ప్యాకేజీలో కలిపి వేల రూపాయలు గుంజుతున్నారు. సర్కారు దవాఖానాలో చేయాల్సిన పరీక్ష చేయకపోతే జనం ఆ పోస్టర్లనే నమ్ముతారు, తప్పు వాళ్లదా?

అడిగింది మళ్లీ అడుగుతున్నాను. ట్రోపోనిన్ కిట్లు పంపండి, ఎక్స్‌పైరీ దగ్గర పడ్డవి కాకుండా. అంకె చూపించే మెషీన్ కిట్లు, కార్డులు కాదు. రాత్రి డ్యూటీకి ల్యాబ్‌లో ఒక మనిషిని వేయండి. ఛాతీ నొప్పితో వచ్చినవారి శాంపిల్ వ్యాన్ ఎక్కకూడదని ఒక ఆర్డరు ఇవ్వండి. వీలైతే లైపోప్రొటీన్-ఎ కూడా హబ్‌లో చేర్చండి, దానికి తొందరేం లేదు, మర్నాడు వచ్చినా ఫర్వాలేదు. ట్రోపోనిన్ మాత్రం ఆగదు.

కిట్లు ఎప్పటిలోగా వస్తాయో తేదీ చెప్పండి. తేదీ చెప్పడానికి కూడా టెండర్ పిలవాలంటే, ఆ టెండర్ ఎప్పుడో అదైనా చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్