పది బండ్లున్నవారికి ఉన్న దారి ఒక్క బండి ఉన్నవాడికీ ఇవ్వండి

గౌరవనీయులైన ఒడిశా రాష్ట్ర వాణిజ్య, రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను వంశధార పరీవాహకంలో, పర్లాకిమిడికీ గుణుపురానికీ మధ్య ఉన్న ఒక ఊరివాణ్ణి. మా ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ ఎక్కితే సవర. మూడూ నోటికి వస్తాయి కానీ, కడుపులో మాట రాయాలంటే తెలుగే చేతికి వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. జనం మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన పట్టుబట్టారు. ఆ ధైర్యంతో ఈ ఉత్తరం ఇలా రాస్తున్నాను. నా పాత మోటార్‌సైకిల్‌కు అలాంటిదే ఇంకో ఇంజిన్ పెట్టుకున్నాను, ఆ నంబరు ఆర్‌సీలోకి ఎక్కడం లేదు. నా గోడు అదే. ఒడియాలో రాయించిన ప్రతిని మీ కార్యాలయానికి పోస్టులో పంపుతున్నాను.

నాది సంతల వ్యాపారం. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బిందెలు, గాజులు, దువ్వెనలు బండికి రెండు పక్కలా కట్టుకుని కొండ మీద సంతలకు పోతాను. దిగేటప్పుడు చింతపండు, పసుపు, కొండచీపుర్లు తెస్తాను. ఇదంతా 2004లో కొన్న ఒకే ఒక్క హీరో హోండా స్ప్లెండర్ ప్లస్ మీద. నంబరు ప్లేటు మీద ఇంకా ఒడిశా కొత్త అక్షరాలు ఓడీ కాదు, ఒరిస్సా నాటి పాత ఓఆరే ఉంది. ఇద్దరు పిల్లల చదువు ఆ బండి మీదే నడిచింది.

2023 వానాకాలంలో సెరంగో వైపు ఎక్కుడులో, రెండో గేరులో, నిండు బరువుతో వెళ్తుంటే టప్‌మని చైను తెగింది. బండి నిలబడిపోయింది. దిగి చూస్తే, తెగిన చైను ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దలా చుట్టుకుపోయి ఉంది. కింద రాళ్ల మీద నల్లగా ఆయిలు చుక్కలు పడుతున్నాయి. పికప్ వ్యాను వాణ్ణి బతిమాలి బండిని కిందికి దింపాను.

మా మేస్త్రి ఆ చోటంతా కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి రాశాడు. రెండు నిమిషాలు ఆగమన్నాడు. తెల్లటి సుద్దలో సన్నటి తడిగీత ఒకటి మెల్లగా తేలింది. స్ప్రాకెట్ దగ్గర మొదలై ఇంజిన్ బోల్టు రంధ్రం దాకా పోయింది. "కేసు చిట్లిపోయింది బాబూ, ఇది ఆగదు" అన్నాడు. కేసంటే ఇంజిన్ బయటి గుల్ల. ఈ బండికి చైను ఎడమవైపు ఉంటుంది. ఇంజిన్ నంబరు కొట్టి ఉండేదీ ఎడమ కేసు మీదే. పిస్టను, బ్లాకు, హెడ్డు, క్రాంకు, క్లచ్ ప్లేట్లు అన్నీ మార్చినా కాగితాలకు ఏ ఇబ్బందీ లేదు. పగలకూడని ఆ ఒక్క ముక్కే పగిలింది. నా కష్టమంతా అక్కడ మొదలైంది.

ముందు ఆర్గాన్ వెల్డింగ్ పెట్టించాం. వేడికి కేసు కాస్త వంగినట్టుంది, బేరింగ్ కూర్చునే చోటు తేడా వచ్చి రెండు నెలలకే గేరుబాక్సులోంచి మూలుగు మొదలైంది. కొత్త కేసు తెప్పిద్దామని షోరూమ్‌లో అడిగితే, అది నంబరు లేకుండా ఖాళీగా వస్తుంది, నంబరు కొట్టడానికి రవాణా ఆఫీసు కాగితం ముందు తెమ్మన్నారు. ఆఫీసుకు పోతే, ముందు కేసు కొన్న బిల్లు తెమ్మన్నారు. ఏ షోరూమ్, ఏ ఆఫీసు అన్నది రాయను. ఒక్క చోటి సంగతైతే మీదాకా వచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు వచ్చే స్ప్లెండర్ ఇంజిన్ కూడా అదే 97.2 సీసీ కదా, అది పెట్టుకోవచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక వాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు. నా బండికి కార్బురేటర్. సీసీ ఒకటే అయినా వైరింగ్ దగ్గరే ఆగిపోతుంది. కొత్త బండి కొనాలంటే ఇంటికి వచ్చేసరికి 80,000 దాటుతుంది.

చివరికి సరిహద్దుకు అవతల, ఆంధ్రా వైపు ఒక ఊళ్లో, నా బండి లాంటిదే, యాక్సిడెంట్లో ఫ్రేము వంగి మూలన పడి ఉందని తెలిసింది. ఇంజిన్ ఒక్కటీ 6,500కి ఇచ్చారు. ఆర్‌సీ జిరాక్స్ మీద సంతకం, తెల్లకాగితం మీద రాతకోతలు, ఇద్దరు సాక్షులు. అన్నీ పెట్టించాను. బిగించేటప్పుడు మీరు చూడాల్సింది. బోల్టులన్నీ చేత్తో తిప్పగానే రంధ్రాల్లో పడ్డాయి. కప్లర్లు రంగుకు రంగు కలిశాయి. అదే కంపెనీ, అదే మోడలు, అదే సీసీ. మూడో కిక్కుకి స్టార్టయింది.

అప్పుడు ఒకాయన వచ్చి, కొత్త ఇంజిన్ నంబరును గ్రైండర్‌తో చెరిపేసి నా పాత నంబరు కొట్టిస్తాను, 500 ఇమ్మన్నాడు. ఎవరికీ తెలియదన్నాడు. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని, "వద్దు బాబూ, మంచి ఇంజిన్‌ని దొంగ ఇంజిన్ చేసుకున్నట్టు అయిపోద్ది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మంత్రి గారూ, ఈ సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. తప్పుడు దారికి 500 రూపాయలు, ఒక్క మధ్యాహ్నం. సరైన దారికి నేను తిరిగిన తిరుగుడు ఇప్పటికీ తెమల్లేదు.

ఇంజిన్ మార్చే ముందే అనుమతి తీసుకోవాలని నాకు అప్పటికి తెలియదు. అది నా పొరపాటే. పదో రోజున పాత కేసు ముక్క, కొత్త కాగితాలు పట్టుకుని నేనే ఆఫీసుకు వెళ్లి చెప్పుకున్నాను. ఒక కిటికీ దగ్గర ఇంజిన్‌కు జీఎస్‌టీ బిల్లు అడిగారు. మూలన పడిన బండి నుంచి తీసినదానికి ఆ బిల్లు ఎవరిస్తారు? ఇంకో కిటికీలో, ఆ బండి రిజిస్ట్రేషన్ అక్కడ రద్దయినట్టు కాగితం తెమ్మన్నారు. సరిహద్దు దాటి అక్కడికి పోతే, ఓనరు స్వయంగా రావాలన్నారు. ఆ ఓనరు పొట్టకూటికి చెన్నై పోయి ఉన్నాడు. 2024లో 20 ఏళ్లు నిండి ఆర్‌సీ రెన్యువల్‌కు వెళితే, చాసిస్ నంబరు కలిసింది, ఇంజిన్ నంబరు కలవలేదని ఫైలు పక్కన పెట్టేశారు. ఆ రెన్యువల్ ఫీజు 2022కు ముందు 300 ఉండేది, తర్వాత 1,000 అయింది. 20 ఏళ్లు దాటిన మోటార్‌సైకిళ్లకు 2025 ఆగస్టులో 2,000 చేశారు. కడతాను. కట్టించుకునేవాళ్లే లేరు.

చట్టం ఏమంటుందో ఒక ప్లీడరు గారి దగ్గర కూర్చుని చదివించుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్. కంపెనీ చెప్పిన స్వరూపానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అంటుంది. ఒప్పుకుంటాను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. కానీ అదే 52వ సెక్షన్‌లో రెండో ఉపవిభాగం చదివేసరికి నాకు నోట మాట రాలేదు. కనీసం 10 రవాణా వాహనాలు ఉన్నవారికి, అదే తయారీ, అదే రకం ఇంజిన్‌తో మార్చుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేకుండా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వొచ్చట. మార్చాక 14 రోజుల్లో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకుంటే చాలట.

అంటే అదే తయారీ, అదే రకం ఇంజిన్ మారిస్తే బండి స్వరూపం మారిపోదని చట్టానికి తెలుసు. ప్రమాదం లేదని కూడా తెలుసు. 10 లారీలున్న ఆసామికి ఒక లారీ ఆగితే తొమ్మిది తిరుగుతుంటాయి. నాకున్నది ఒక్కటే. అది ఆగితే ఆ వారం సంత లేదు. నమ్మకం అతనికీ, అనుమానం నాకూ ఎందుకండీ?

చట్టం మార్చడం ఢిల్లీ పని అని నాకు తెలుసు. నేను అడుగుతున్నది మీ చేతిలో ఉన్నదే. ముందస్తు అనుమతి ఇచ్చే అధికారం మీ రిజిస్ట్రేషన్ అధికారులకే ఉంది. ఆ అనుమతికి ఏ కాగితాలు చాలో ఒకే ఒక సర్క్యులర్‌లో రాసి, ప్రతి ఆఫీసు గోడకూ అంటించండి. పాత బండి ఓనరు సంతకంతో ఆర్‌సీ జిరాక్స్, అఫిడవిట్ చాలనండి. ఇంజిన్ దొంగదో కాదో అన్న అనుమానం న్యాయమైనదే. దానికి జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ ఉంది. ఇంజిన్ నంబరు కొడితే అది దొంగతనం కేసుల్లో ఉందో లేదో తెలిసిపోతుంది. ఆ పని కౌంటర్లో కూర్చున్న గుమాస్తానే చేయవచ్చు. అవతలి బండి రిజిస్ట్రేషన్ రద్దు కావాలంటే, రిజిస్ట్రేషన్లన్నీ ఉండే వాహన్ కంప్యూటర్‌లో ఈ ఆఫీసు నుంచే ఆ ఆఫీసుకు కబురు పెట్టే ఏర్పాటు చేయండి. రెండు రాష్ట్రాల మధ్య కాగితం మోసే పని నాలాంటివాడి నెత్తిన పెట్టకండి. గజపతి, రాయగడ, కోరాపుట్ లాంటి జిల్లాల్లో సగం సామాను, సగం చుట్టరికం సరిహద్దుకు అవతలే ఉంటాయి. నౌపడ నుంచి గుణుపురం పోయే రైలే రెండు రాష్ట్రాల్లో నడుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, నెలకు ఒక్కరోజు ఒక ఇన్‌స్పెక్టర్ గారిని సంత జరిగే బ్లాకు కేంద్రానికి పంపండి. బండి అక్కడే ఉంటుంది, మనిషి అక్కడే ఉంటాడు. టార్చిలైటు వేసి రెండు నంబర్లు చూసుకోవడానికి పది నిమిషాలు పట్టదు.

పెద్ద ఇంజిన్లు పెట్టుకునే కుర్రాళ్ల తరఫున నేను రాయడం లేదు. 1996లో తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100కు, దానికంటే పెద్దదైన ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ ఎక్కించి, సైలెన్సర్ పీకేసి ఘాట్‌లో పరుగెత్తించేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. ఆ బ్రేకులు, ఆ ఫ్రేము 100కు చేసినవి. వాళ్లను ఆపండి.

ఇంకొక మాట. ఆ చైను ఎందుకు తెగిందో చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. దానికి నాలుగు నెలల ముందు చైను స్ప్రాకెట్ కిట్ కొన్నాను. పేరున్న కంపెనీ డబ్బా, హోలోగ్రామ్ కూడా ఉంది. అసలు ధరలో సగానికే వచ్చింది. తెగిన రోజు మేస్త్రి వెనక స్ప్రాకెట్ విప్పి నా చేతిలో పెట్టాడు. పళ్లన్నీ ఒక పక్కకు కొక్కేల్లా వంగి అరిగిపోయాయి. మంచి ఇనుమైతే కొన్నేళ్లు రావాలి. చైను లాక్ సరైన దిక్కుకే పెట్టి ఉంది, బిగింపులో తప్పు లేదు. డబ్బా తీసి చూస్తే కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా. చవకకు ఆశపడ్డాను, నిజమే. కానీ ఆ డబ్బాను చూసి పోల్చుకోవడం చదువుకున్నవాడికే కష్టం. కొండ మీది సవర కుర్రాడు ఎలా పోల్చుకుంటాడు?

బయటి కంపెనీల పార్టులన్నీ చెడ్డవని నేను అనను. సొంత పేరు వేసుకుని, బిల్లిచ్చి అమ్మే చిన్న కంపెనీల పిస్టన్లు, క్లచ్ ప్లేట్లు నేనే వాడాను. బాగా వచ్చాయి. పాత బండ్లు బతుకుతున్నదే వాటి వల్ల. షోరూమ్ వాళ్లు 'ఆ పార్టు ఆగిపోయింది' అన్నాక మాకు దిక్కు ఆ చిన్న కంపెనీలే. చెన్నైలోని పాత పార్టుల బజారు పుదుపేట నుంచి పార్శిల్ తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. ఒకరి పేరు పెట్టుకుని అమ్మే దొంగ సరుకే మమ్మల్ని లోయలోకి తోసేది. హెల్మెట్లకు ఐఎస్‌ఐ మార్కు చూసే అధికారులు, చైను, బ్రేకు షూల దుకాణాలను కూడా ఏడాదికి రెండుసార్లు తనిఖీ చేసేలా పోలీసు, వినియోగదారుల శాఖలతో మాట్లాడండి. ఘాట్ దిగుతుంటే బ్రేకు షూ లైనింగ్ ఊడి వచ్చిన మనిషి నాకు తెలుసు. బతికాడు. కాలు బతకలేదు.

ఇప్పుడు నేను షేరు జీపులో సంతకు పోతున్నాను. బండి మీద పోయేదాంట్లో సగం సరుకే పడుతుంది. తిరుగు ప్రయాణంలో చీపుర్ల కట్టలకు జీపువాడు చోటివ్వడు. నా బండి ఇంటి చావిట్లో గోనెపట్టా కప్పుకుని ఉంది. వారానికోసారి స్టార్ట్ చేసి ఆపుతాను.

పగిలిన ఎడమ కేసును పారేయలేదు. కిరోసిన్‌తో తుడిచి, పాత లుంగీలో చుట్టి, ఆర్‌సీతో పాటు ట్రంకు పెట్టెలో పెట్టాను. దాని మీద నంబరు ఒక్క అంకె కూడా చెరగలేదు. మీ ఆఫీసరు ఎప్పుడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికి, రెండు ఇంజిన్ల కాగితాలతో పాటు దాన్ని పట్టుకుని వస్తాను.

ఇట్లు,
వంశధార పరీవాహకం నుంచి ఒక సంతల వ్యాపారి